టిప్పర్ తిరుమల చెప్పిన జాగ్రత్తలు

తిరుమల బండెక్కే ముందు ఇనుప రాడ్డు చేతబట్టుకొని దాని చుట్టూ ఒక చుట్టు తిరుగుతుంది. ఎన్ని టైర్లుంటే అన్ని దెబ్బలు. గాలి నిండుగా ఉన్న టైరు గట్టిగా పలికి రాడ్డును వెనక్కి తన్నుతుంది. గాలి తగ్గిన టైరు మెత్తగా మూలుగుతుంది. ఆ తేడా ఆమె చెవికి తెలుసు. మీటర్ పెట్టి చూసేవాళ్లు చూస్తారు, ఆమె మాత్రం కొట్టి వింటుంది. ఎండైనా వానైనా ఎనిమిదేళ్లుగా ఈ చుట్టు తప్పలేదు.

మొదట్లో మగ డ్రైవర్లు నవ్వేవాళ్లు.

"ఏందక్కా, కుండలు కొంటున్నవా?" అని ఒకడు అడిగాడు.

"అవ్ తమ్మీ. అన్ని అయినయ్, నీ తలకాయ ఒక్కటి మిగిలింది. గిటు తే, ఒక దెబ్బ కొట్టి సూస్త, గట్టిదో పగిలిందో."

ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

తిరుమల పుట్టింది గోదావరిఖనిలో, కంపెనీ క్వార్టర్లో. తండ్రి లింగమూర్తి భూమిలోపలి బాయిలో బొగ్గు నింపే కార్మికుడు. మోకాళ్లు పనిచేయక ఆయన పని మానేసినప్పుడు ఆ నౌకరి తిరుమల తమ్ముడికి వెళ్లింది. తిరుమలకు అప్పటికే పెళ్లయింది, ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. అత్తగారిది కమాన్‌పూర్ దగ్గర ఊరు. పెళ్లయిన ఆరేళ్లకు ఆ ఊరి కింద బొగ్గుందన్నారు. ఊరు లేచిపోయింది. రెండెకరాల పత్తి చేను ఉన్నచోట ఇప్పుడు రెండు తాళ్లచెట్ల లోతు గొయ్యి ఉంది. ఆ గొయ్యి లోంచి తీసిన మట్టి పక్కన గుట్టలై పెరుగుతోంది. ఇళ్లు పోయినవాళ్లందరికీ రోడ్డు పక్కన ఒక కాలనీ కట్టారు. అందులో అన్ని ఇళ్లూ ఒకేలా ఉంటాయి. కొత్తలో ఆమె భర్త జైపాల్ తాగకుండానే రెండుసార్లు పక్కింట్లోకి వెళ్లాడు.

బొగ్గు మీదున్న మట్టిని తీసి పారబోసే పని ఒక కాంట్రాక్టు సంస్థ చేసేది. భూమి పోయిన కుటుంబాల ఆడవాళ్లకు పెద్ద బండ్లు నడపడం నేర్పించి పని ఇస్తామని ఆ సంస్థ వాళ్లు కాలనీలో మైకు పెట్టి చెప్పారు. తిరుమల అప్పుడు కుట్టుమిషన్ మీద జాకెట్లు కుట్టేది. అత్త సారవ్వతో, "అవ్వా, పోనా?" అంది.

"ఆడిది చేన్ల నాగలి పడితె తప్పన్నరు. ఇప్పుడు చేనే లేదు, ఇగ ఎవ్వనికి తప్పు?" అంది సారవ్వ. "పో."

మొదటి జట్టులో తొమ్మిదిమంది నేర్చుకున్నారు. లైసెన్సు వచ్చేసరికి ఏడుగురు మిగిలారు. నలుగురికి బండ్లు ఇచ్చారు. ఏడాది తిరిగేలోపు ముగ్గురు మానేశారు, ఒకామె మొగుడు ఒప్పుకోక, ఒకామె నడుంనొప్పితో, ఒకామె ఏమీ చెప్పకుండా. మిగిలింది తిరుమల. అప్పటినుంచి ఆమె పేరు టిప్పర్ తిరుమల.

ఆడవాళ్ల కొత్త జట్టు ఎప్పుడు మొదలైనా ఆమెను పిలిచేవాళ్లు. శిక్షణ ఇచ్చే రేకుల షెడ్డులో ఒక కుర్చీ వేసి, వెనక బ్యానర్ కట్టి, మాట్లాడమనేవాళ్లు. ఫొటోలు తీసే పెద్దమనుషులు ఉన్నంతసేపు ఆమె 'ధైర్యంగ ఉండాలె, మనం ఎవ్వలకు తక్కువ కాదు' అని రెండు ముక్కలు చెప్పేది. వాళ్లు కార్లెక్కి వెళ్లాక కుర్చీని ముందుకు జరుపుకొని అసలు మాటలు మొదలుపెట్టేది.

"బూట్లు మగోళ్ల సైజు ఇస్తరు. రెండు జతల సాక్సులు తొడుగుండ్రి, లేకుంటే బ్రేకు మీద కాలు జారుతది. చున్నీ ఇంటికాడ పెట్టి రాండ్రి. జడ ముడేసుకోండ్రి. సీటు ముందుకు జరగకపోతే వీపు వెనక దిండు పెట్టుకోండ్రి, సిగ్గుపడకుండ్రి. అద్దాలు ఎవ్వలు మార్చినా మళ్ల మీ కంటికి మార్చుకునేదాక బండి కదిలించకుండ్రి."

"నీళ్లు తాగుడు బంద్ పెట్టకుండ్రి. లోపట ఆడోళ్లకు బాత్రూం లేదు, షిఫ్టు ఆఫీసు కాడికి రావాలె, రెండు కిలోమీటర్లు. అయినా బండి పక్కకు పెట్టి రాండ్రి. నేను తొలి ఏడాది నీళ్లు తాగక, పొత్తికడుపు నొప్పితోని దవాఖాన చుట్టూ తిరిగిన."

"అందర్ని అన్నా అని పిలువుండ్రి. కాకా అన్నా మంచిదే. బావా అని మాత్రం నోరు జారకుండ్రి, ఆ పిలుపు పట్టుకోని బండెనక బండి వేసుకోని తిరుగుతరు."

షెడ్డంతా నవ్వులు. ఆ నవ్వుల్లో పైకి వినిపించేది యమున నవ్వు. రెండేళ్ల కిందటి జట్టులో ఆమె పదకొండో మనిషి. ఇరవై మూడేళ్లు, ఇంటర్ చదివింది, అదే కాలనీ. మామిడితోట పోయిన ఇల్లు. నాన్న లేడు. ఇద్దరు చెల్లెళ్లు చదువుకుంటున్నారు. ఆ ఇంటికి ఈ పని తప్ప వేరే ఆధారం లేదని యమునే మొదటిరోజు చెప్పింది, దాచుకోకుండా, నవ్వుతూనే.

"అక్కా, ఇంకోటి అడుగుత," అంది యమున. "ఆ దినాలు వస్తె ఎట్ల?"

తిరుమల తలుపు వైపు చూసింది. మగవాళ్లెవరూ లేరు.

ఆ ప్రశ్న వెనక ఉన్నది ఇదీ. ఏ గనికైనా లోపలికి వెళ్లే దారిలో గనిని కాచే మైసమ్మ తల్లి ఉంటుంది. లింగమూర్తి ముప్పై ఏళ్లు మైసమ్మకు మొక్కకుండా బాయి దిగలేదు. ఈ పెద్ద గొయ్యి దారిలోనూ వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి, దాని ముందు గూట్లో దీపం ఉన్నాయి. షిఫ్టులో మొదటి ట్రిప్పుకు ప్రతి బండీ అక్కడ ఆగాలి. డ్రైవర్ దిగి, బూట్లు విడిచి, దండం పెట్టి, ఇంత కుంకుమ తెచ్చి స్టీరింగ్‌కు పెట్టాలి. అప్పుడే లోపలికి.

తిరుమల పనిలో చేరిన మొదటి నెలలో షిఫ్టు ఇన్‌చార్జి రాయమల్లు ఆమెను పక్కకు పిలిచాడు. యాభై దాటిన మనిషి, మాట మెత్తన. "బిడ్డా, తండ్రి అసొంటోన్ని, తప్పుగ అనుకోకు. తల్లి ముంగట నుంచి పోయే బండి. నీకు ఆ దినాలు వచ్చినప్పుడు నాకు ఒక్కమాట చెప్పు, బండి వేరేటోనికి ఇస్త. నువ్వు ఇంటికాడ ఉండు."

అది మర్యాద అనుకొని ఆమె తల వంచి సరేనంది. ఇంట్లో వంటింటికి దూరం కూర్చున్నట్టే కదా అనుకుంది. కానీ వంటిల్లు అయిదు రోజుల తర్వాత అదే వంటిల్లుగా ఉంటుంది. బండి అలా ఉండదు. ఆమె తిరిగి వచ్చేసరికి క్లచ్చు జారేది, సీటు వెనక్కి పోయి ఉండేది. కొన్ని నెలలకు, "ఆ బండి వానికి అలవాటైంది, నువ్వు గిది తీస్కో" అని మూలనున్న డొక్కు టిప్పర్ చూపించడం మొదలైంది. మూడో ఏడు ఆమె రాయమల్లుకు ఒక అబద్ధం చెప్పింది. గర్భసంచి తీసేశారని. కరీంనగర్‌లో ఆపరేషన్ అయిందని పది రోజులు ఇంట్లో కూర్చొని వచ్చింది. ఒక్కడూ అనుమానించలేదు. ముప్పై అయిదేళ్లకే ఆ ఆపరేషన్ అయిన ఆడవాళ్లు ఆ కాలనీలో ప్రతి వరుసలో ఇద్దరో ముగ్గురో ఉన్నారు. "పీడ పోయింది బిడ్డా" అన్నాడు రాయమల్లు, నిజంగా సంతోషపడి. మంచి బండి ఇచ్చాడు.

ఇదంతా షెడ్డులో చెప్పలేదు. "ఎవ్వలకు చెప్పకుండ్రి," అంది అంతే. "అడిగితె లేదనుండ్రి. మీ ఒంటి సంగతి మీది. బండికి దానితోని పనిలేదు."

ఇంకో ముక్క చెప్పి ఉండాల్సిందని ఆమెకు తర్వాత అర్థమైంది. చెప్పకపోతే సరిపోదు, ఏ రోజూ తేడా కనబడకుండా నడుచుకోవాలి. ఆమెకు అది ఎంత అలవాటైపోయిందంటే వేరే మనిషికి చెప్పాలన్న సంగతే తోచలేదు.

ఆ జట్టులోంచి ముగ్గురికి బండ్లు వచ్చాయి. యమున చెయ్యి మంచిది. బండిని వెనక్కి తీయడం, అంటే రివర్స్, మగవాళ్లకే ఆరునెలలకు గానీ పట్టుబడదు. ఆమెకు నెలన్నరలో వచ్చింది. మట్టి పోసే గుట్టమీద డంప్‌మ్యాన్ ఎల్లన్న ఈల ఊదుతూ చెయ్యి ఊపి బండ్లను వెనక్కి పిలుస్తాడు. యమున బండి వస్తే అతను సగం ఈలకే ఆపేసేవాడు. "దీనికి నేనెందుకే? కండ్లు వెనకాలగిన ఉన్నయా నీకు?" అనేవాడు.

"ఉన్నయ్ అన్నా. జడ కింద దాస్కున్న."

శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. మట్టిగుట్ట అంచున అడ్డంగా ఒక కట్ట ఉండాలి. లారీ చక్రం సగం దాకా ఎత్తు. వెనక్కి వచ్చే బండి చక్రం ఆ కట్టకు తగిలి ఆగుతుంది. ఆ కట్ట లేకపోతే అంచు ఎక్కడ తెగుతుందో వెనక్కి వచ్చేవాడికి తెలియదు. కట్ట వేసేది మట్టిని నెట్టే డోజర్. ఆ డోజర్‌ను రెండు రోజుల కిందట కింద బురదలో దిగబడ్డ బండ్లను లాగడానికి తీసుకుపోయారు, మళ్లీ పైకి పంపలేదు. పోసిన మట్టితోపాటే కట్ట కూడా వానకు జారిపోయింది.

ఆ పొద్దున మొదటి ట్రిప్పుకే తిరుమల చూసింది. బండి దిగి అంచుదాకా నడిచి, బూటు మడమతో నేలను తొక్కింది. మెత్తగా దిగింది. అంచుకు రెండు గజాల ఇవతల, వెంట్రుకంత పగులు కనబడింది. కిందికి వచ్చినప్పుడు రాయమల్లుకు చెప్పింది.

"కాకా, మీద కట్ట లేదు. నేల పగులువట్టింది."

"ఎరికే బిడ్డా. డోజర్ మజ్జాన్నం వస్తది. అందాక జర సూస్కోని గుంజుండ్రి."

"బండ్లు ఆపు మరి అందాక."

"ఆపితె ట్రిప్పులు నువ్విస్తవా? పో బిడ్డా, అంచుకు జర ముందే పోసి రా."

ఆమె అంచుకు పదిగజాల ముందే పోసి వచ్చింది. దారిలో ఎదురొచ్చిన యమునకు అద్దం దించి, "అంచుకు పోకు, ముందే పొయ్యి" అని కేక వేసింది. యమున తల ఊపింది. ఆమె ముఖం పాలిపోయినట్టు తిరుమల గమనించింది కానీ ముసురు వల్లేమో అనుకుంది.

అందరూ ముందే పోయడంతో పదకొండు గంటలకల్లా పైన మట్టికుప్పలు నిండాయి. సర్దడానికి డోజర్ లేదు. బండి నిలపడానికి చోటులేక ఎల్లన్న యమునను అంచు వైపు పిలిచాడు. ఈల ఊదాడు, చెయ్యి ఊపాడు, ఇంకా, ఇంకా. ఆమె వచ్చింది. తొట్టి లేస్తుండగా వెనక ఎడమ చక్రం కింద నేల జారింది. బండి పడలేదు, పక్కకు ఒరిగి కుంగిపోయి ఆగింది. తొట్టిలోని మట్టి మొత్తం ఎడమవైపుకు దొర్లింది. ఎల్లన్న నిలబడ్డది అటే. మట్టిలోంచి అతన్ని లాగేసరికి కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగి ఉంది. యమునకు భుజం కమిలింది.

మధ్యాహ్నానికల్లా అందరికీ తెలిసింది. కట్ట లేదన్న సంగతి కాదు. పొద్దున మొదటి ట్రిప్పుకు యమున మైసమ్మ దగ్గర బండి దిగలేదన్న సంగతి.

తిరుమల చెప్పినట్టు యమున ఎవరికీ ఏమీ చెప్పలేదు. కానీ ఆ ఒంటితో తల్లి ముందు నిలబడటానికి ఆమెకు భయమేసింది. అందుకని బండి ఆపకుండా, ఎవరూ చూడకముందే పోదామని, తల దించుకొని మైసమ్మను దాటేసింది. వెనక మూడు బండ్లున్నాయి. మూడింటివాళ్లూ చూశారు. వాన గదా, దిగలేదేమో అని ఆ పూట అనుకున్నారు. ఎల్లన్న కాలు విరిగాక వేరుగా అనుకున్నారు.

సాయంత్రం షిఫ్టు దిగినవాళ్లు ఇళ్లకు పోకుండా వేపచెట్టు కిందికి వచ్చారు. ఇరవై, ముప్పైమంది. ఎల్లన్న బామ్మర్ది అరుస్తున్నాడు. "దిగి దండం పెట్టెటందుకు ఏం రోగం? ఆ పిల్లకు అంటు ఉన్నది! అంటుతోని బండెక్కి మా బావను సంపుతుండె!"

యమున చేతులు కట్టుకొని ఒక పక్కన నిలబడి ఉంది. కమిలిన భుజం వాచింది. ఎవరూ ఆమెను దవాఖానకు పొమ్మనలేదు.

రాయమల్లు అందరినీ కూర్చోబెట్టాడు. "గిట్ల లొల్లి పెడితె తెగదు. ఆడపిల్లను మనం అడుగుడు మంచిగుండదు. తిరుమల ఉన్నది. ఆడోళ్లల్ల పెద్దది. ఆపరేషన్ అయిన మనిషి, ఆమెకు ఆ బాధ లేదు. ఆమెను దీపం ముట్టుకోని చెప్పమందాం. పిల్ల మంచిగుండె అంటె మాట ఇక్కడికి ఒడిసె. లేదంటె తల్లికి ఏం జెయ్యాల్నో అది జేద్దాం."

తిరుమల లేచి గూటి దగ్గరికి నడిచింది. అది పది అడుగులు. ఆ పది అడుగుల్లో ఆమె ఆలోచించింది ఒక్కటే, ఈ పిల్లను ఈ ముప్పైమంది నోట్లోంచి బయటికి లాగాలి. కట్ట సంగతి నాలుక చివరన ఉంది. కానీ అది ఆఫీసు సంగతి, కాగితం మీద చెప్పేది. ఇది తల్లి ముందు అడుగుతున్న మాట, దీనికి ఇదే జవాబు. ఆమె మనసులో ఆ రెండూ వేరువేరు గదుల్లో ఉన్నాయి. పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి రాసిద్దాం అనుకుంది. ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని ఆమె చాలా రోజుల తర్వాత గానీ ఒప్పుకోలేదు. అందరిముందు రాయమల్లు మీద వేలు చూపిస్తే, కరీంనగర్ ఆపరేషన్ చిట్టీ చూపించమంటాడేమో అని.

దీపం వేడికి గోరువెచ్చనైన గూడు మీద అరచెయ్యి పెట్టింది.

"పిల్ల మంచిగనే ఉండె. వానకు దిగలే. అంతే."

ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. ఎల్లన్న బామ్మర్ది నోరు మూసుకున్నాడు. గుంపు విడిపోయింది. యమున ఆమె చెయ్యి పట్టుకొని ఏడ్చింది. తిరుమల ఇంటికి వెళ్లి అన్నం తినలేకపోయింది. సారవ్వ అడిగితే జరిగింది మొత్తం చెప్పింది, అబద్ధంతో సహా.

"తల్లి ముంగట అబద్ధమాడినవా?" అంది సారవ్వ.

"ఆడిన."

సారవ్వ ఆమె ముందున్న కంచం పక్కకు జరిపింది. "తల్లికి ఎరికే గద పిల్లకు అయిందని. ఆమె ఆడిదే గద. ఆమె ఏమనుకోదు," అంది. "మగోళ్లు ఏమనుకుంటరో అది సూస్కో."

పొద్దున్నే తిరుమల ఆఫీసుకు వెళ్లింది. భద్రత చూసే అధికారి నరసింహమూర్తిది రాజమండ్రి వైపు. మర్యాద తెలిసిన మనిషి, ఆమెను కూర్చోమని కుర్చీ చూపించాడు. ఆమె రాసిన కాగితం రెండుసార్లు చదివాడు.

"కట్ట లేదని రాశారు. కానీ మాకొచ్చిన ఫొటోలో ఉందమ్మా," అని ఫోను ఆమె వైపు తిప్పాడు. ఫొటోలో కొత్త కట్ట, డోజర్ పళ్ల గాట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. పక్కన ఒరిగిన టిప్పర్.

"ఇది తర్వాత వేసిండ్రు సారూ. నిన్న రెండు గంటలకు డోజర్ వచ్చింది."

"ఎవరైనా చెప్తారా ఆ మాట?"

రాయమల్లు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. మాట మెత్తగానే ఉంది. "సార్, నిన్న సాయంత్రం ముప్పైమందిల, తల్లి దీపం మీద చెయ్యిపెట్టి మాట్లాడింది ఈమె. కట్ట లేదని అక్కడ ఒక్కమాట అనలే. వాన, దిగలే, అంతే అన్నది. ఉన్నదంత అక్కడ చెప్పినట్టే గద? ఇయ్యాల కట్ట ఏడికెల్లి వచ్చింది?"

నరసింహమూర్తి ఆమెను చూశాడు. తిరుమల గుమ్మంవైపు తిరిగింది. "నిన్న పొద్దుగాల నీకు చెప్పలేదా కాకా? నేల పగులువట్టిందని చెప్పలేదా?"

"ఏమో బిడ్డా. వాన సప్పుడుల నువ్వేమన్నవో, నాకేమినవడ్డదో."

"నేను చూసినదే రాయగలనమ్మా," అన్నాడు నరసింహమూర్తి. "విన్నది రాస్తే పైవాళ్లు ఒప్పుకోరు. మీ కాగితం మాత్రం ఫైల్లో పెడతాను."

అక్కణ్నుంచి ఆమె దవాఖానకు పోయింది. మిగతా డ్రైవర్లు రాయమల్లుకు ఎదురు చెప్పరు, పొద్దంతా గుట్టమీదే ఉన్న ఎల్లన్న చెబితే మాత్రం ఎవరూ కాదనలేరు. కాలికి రాడ్లు బిగించి పడుకోబెట్టారు. ఆమెను చూసి నవ్వబోయాడు.

"అన్నా, నువ్వు చెప్పాలె. కట్ట లేదని నీకన్న ఎవ్వలకెరుక? నువ్వు చెప్పకుంటె పిల్ల నౌకరి పోతది."

ఎల్లన్న పైకప్పు వైపు చూశాడు. "నేనే పిలిచిన దాన్ని. ఇంకా రా, ఇంకా రా అని. కట్ట లేదని నేనంటె, మరి ఎందుకు పిలిచినవురా అంటరు నన్ను. రాయమల్లన్న దవాఖాన సంగతి తను సూస్త అన్నడు, కాలు బాగైతె కూసోని చేసే పని ఇప్పిస్త అన్నడు. నా నోరు కట్టేసినట్టే చెల్లె."

"మరి ఆ పిల్ల?"

"నువ్వు తప్పు జేసినవ్ తిరుమలా." అతను కోపంగా అనలేదు. వివరం చెబుతున్నట్టు అన్నాడు. "నిన్న అంటు ఉన్నదని ఒప్పుకుంటె ఏమయ్యేది? తల్లికి ఒక యాటను కోసెటోళ్లం. పిల్ల పదిరోజులు ఇంట్ల కూసోని మళ్ల బండెక్కేది. తల్లి మీద వేస్తె ఎవ్వల నౌకరి పోదు. గన్ల ఎప్పటిసంది నడిసేది అదే గద? నువ్వు తల్లిని తప్పించినవ్. ఇగ ఎవ్వలో ఒక మనిషి మీద పడాలె. రాయమల్లన్న మీద పడదు. నా మీద పడదు. ఇగ ఎవ్వలున్నరు?"

తిరుమల అతని మంచం అంచున కూర్చుంది.

వారానికి కాగితం వచ్చింది. వాహనం వెనక్కి తీయడంలో డ్రైవర్ అజాగ్రత్త అని రాశారు. నెలన్నరలో రివర్స్ నేర్చుకున్న యమునకు రివర్స్ రాదని తేలింది. డ్రైవర్ల గదిలో ఆ మాట చాలా సుఖంగా చెప్పుకున్నారు. అంటు అన్నప్పుడు కొంచెమైనా భయపడ్డవాళ్లు, డ్రైవింగ్ రాదన్నప్పుడు హాయిగా నవ్వారు. "ఆడోళ్లకు అద్దం ఇస్తె బొట్టు సూస్కుంటరు, వెనక బండిని సూస్తరా?" అని ఒకడంటే చప్పట్లు కొట్టారు. మిగతా ఇద్దరు అమ్మాయిలు ఆ నెలాఖరుకే మానేశారు.

యమున ఒకరోజు కాలనీలో ఎదురుపడింది. ఆమె చేతిలో బూట్లు తిరిగి ఇచ్చిన రసీదు ఉంది.

"మంచిర్యాలల బట్టల దుకాణంల చేరుతున్న అక్కా. చీరెలు మడతపెట్టుడు," అంది. నవ్వలేదు.

"యమునా, నేను..."

"నువ్వు చెప్పినట్టే జేసిన అక్కా. ఎవ్వలకు చెప్పలే." ఆ మాటలో నిష్ఠూరం ఉందో లేదో ఎంత వెతికినా తెలియలేదు. "ఒక్కటి మాత్రం నువ్వు ముందుగాల చెప్తె బాగుండు. నువ్వు ఆ దినాలల్ల మైసమ్మ కాడ దిగి మొక్కెదానివా?"

"మొక్కేదాన్ని."

"భయం కాలేదా?"

"అయింది. అయినా దిగిన."

యమున తల ఊపి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె చెల్లెలి పెళ్లికి పిలుపు వచ్చింది కానీ, యమున చేతుల మీదుగా రాలేదు.

ఆడవాళ్లకు ఇక మట్టిగుట్ట మీద పని ఇవ్వకూడదని సంస్థ తీర్మానించింది. వాళ్ల క్షేమం కోసమే అని నోటీసులో రాశారు. తిరుమల టిప్పర్ తాళంచెవి రాయమల్లు స్వయంగా వచ్చి తీసుకున్నాడు. "నీ మంచికే బిడ్డా. రోడ్డుమీద పని, రివర్స్ బాధ లేదు. నువ్వు పెద్దదానివైతున్నవ్ గద," అన్నాడు. ఆమెకు ముప్పై ఏడేళ్లు.

ఆమె కాగితం ఫైల్లో ఉందని నరసింహమూర్తి ఎప్పుడు కనబడ్డా చెప్పేవాడు. గత చలికాలం ఆయన బదిలీ మీద వెళ్లిపోయాడు. ఫైలు ఎక్కడుందో కొత్తగా వచ్చినాయనకు తెలియదు. రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు.

శిక్షణ షెడ్డుకు మాత్రం ఇప్పటికీ పిలుస్తారు. బ్యానర్ మారింది, కుర్చీ అదే. ఈ ఏడు రోడ్డు బండ్లకని వచ్చిన జట్టులో ఏడుగురున్నారు. మంచిర్యాల పక్కనున్న జైపూర్ నుంచి కూడా ఇద్దరు వచ్చారు. పెద్దమనుషులు వెళ్లాక తిరుమల బూట్ల సంగతి, అద్దాల సంగతి, నీళ్ల సంగతి చెప్పింది. బావా అనొద్దని చెబితే వీళ్లూ నవ్వారు.

తర్వాత గొంతు తగ్గించి, ముందు ఏ జట్టుకూ చెప్పని మాట చెప్పింది. "నేల బాగలేకుంటె బండి ఆపి కిందికి దిగుండ్రి. ఆడికాడనే, నలుగురు ఇనంగ చెప్పుండ్రి, గట్టిగ. చెవుల చెప్పకుండ్రి. పొద్దటికి రాసిద్దాం అనుకోకుండ్రి. ఫోన్ల ఫొటో తీసుకోండ్రి. తిడితె తిట్టనియ్యుండ్రి."

"దిగితె నౌకరి తీసేస్తరు కదక్కా?" అని వెనక వరసలో ఒకమ్మాయి అడిగింది.

"తీసేస్తరు," అంది తిరుమల.

తిరుమల ఇంకేదైనా చెబుతుందేమోనని ఆ అమ్మాయి ఆగి చూసింది.  తిరుమల పక్కన పెట్టిన చాయ్ చల్లారిపోయి ఉంటే ఒక్క గుక్కలో తాగేసి, డ్యూటీకి టైమైందని లేచింది.

తిరుమల ఇప్పుడు నీళ్ల ట్యాంకర్ నడుపుతుంది. గొయ్యిలోకి దిగే మట్టిరోడ్డు మీద, మగవాళ్ల టిప్పర్లకు దుమ్ము లేవకుండా, షిఫ్టుకు పద్నాలుగు ట్రిప్పులు నీళ్లు చల్లుతుంది.